పరీక్షలు చాలనుకున్న బీకాం వాళ్లకూ దారి చూపండి: యజమానులకు, ఆడిట్ ఆఫీసులకు, విశ్వవిద్యాలయాలకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని వ్యాపార సంస్థల యజమానులకు, హెచ్‌ఆర్ విభాగాల పెద్దలకు, ఆడిట్ ఆఫీసులు నడుపుతున్న చార్టర్డ్ అకౌంటెంట్లకు, కామర్స్ సిలబస్ తయారుచేసే అధ్యాపకులకు,

నమస్కారం.

ఈ లేఖలోని విషయాలను ఇంతకుముందు ఒక వ్యాపారుల సంఘానికి, కొన్ని కంపెనీల హెచ్‌ఆర్ విభాగాలకు విడివిడిగా రాసి పంపాను. ఒకచోటి నుంచి "మీ సూచనలు పరిశీలిస్తాం" అని ఒక ముక్క వచ్చింది. మిగతా చోట్ల నుంచి అదీ లేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను. చాలా ఏళ్లుగా అకౌంట్స్ సీట్లో కూర్చుంటున్నవాణ్ని కాబట్టి మర్యాదలు క్లుప్తంగా ముగించి లెక్కలోకి వస్తాను.

బీకాం పాసై, "ఇక సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ), సీఎంఏ (కాస్ట్ అకౌంటెన్సీ), గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు ఏవీ రాయను, చదివిన చదువుతో ఉద్యోగం చేసుకుంటాను" అనుకునే పిల్లలకు మీ దగ్గర దారి మూసుకుపోతోంది. పని లేక కాదు, పని బోలెడుంది. కానీ ప్రకటనలో "సీఏ ఇంటర్ (సీఏలో మధ్య మెట్టు పరీక్ష) పాసైనవారికి ప్రాధాన్యం" అని ఉంటుంది. తీరా చేరాక చేయించేది కొనుగోలు బిల్లులు టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడటం, రావాల్సిన బాకీల జాబితా తీసి పార్టీలకు ఫోన్లు చేయడం. ఈ పనికి ఆ అర్హత ఎందుకని అడిగితే, "అప్లికేషన్లు ఎక్కువ వస్తున్నాయి సార్, ఎక్కడో ఒకచోట జల్లెడ పట్టాలి కదా" అని ఒక హెచ్‌ఆర్ ఆయన నాతో నిజాయితీగానే అన్నారు. ఆ మాటను నేను తప్పుపట్టను. జల్లెడ మాత్రం తప్పుది.

దేశంలో జీఎస్టీ రిజిస్ట్రేషన్లు కోటీ నలభై లక్షలు దాటాయి. చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్‌లో సభ్యులు నాలుగు లక్షల పైచిలుకు. వాళ్లలోనూ చాలామంది ప్రాక్టీసులో కాక కంపెనీ ఉద్యోగాల్లో ఉన్నారు. మరి ఈ కోటీ నలభై లక్షల చోట్ల రోజువారీ పద్దులు రాస్తున్నదెవరు? మామూలు డిగ్రీవాళ్లు, ఇంటర్మీడియట్‌తో చదువు ఆపేసినవాళ్లు, పని చేస్తూనే పని నేర్చుకున్నవాళ్లు. బండి లాగుతున్నది వీళ్లే. ప్రకటనల్లో కనిపించనిదీ వీళ్లే.

పని ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూడనివాళ్ల కోసం ఒక్కటి చెబుతాను. నెల మొదలైతే 7న టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసిన ఆదాయపు పన్ను) కట్టాలి, 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) వేయాలి, 15లోగా పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టాలి, 20న 3బీ (జీఎస్టీ లెక్క తేల్చి పన్ను కట్టే రిటర్న్). మధ్యలో 14న, మనకు అమ్మినవాళ్లు పోర్టల్‌లో ఎక్కించిన బిల్లుల జాబితా, అదే 2బీ స్టేట్‌మెంట్, వస్తుంది. అసలు కథ అక్కడే మొదలవుతుంది. నాలుగు లక్షల సరుకు కొన్నాం, 18 శాతం చొప్పున 72 వేల పన్ను బిల్లులో ఉంది, కానీ 2బీలో ఆ బిల్లు కనిపించదు. 2022 జనవరి నుంచి 2బీలో లేని బిల్లుకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) లేదు. అంటే ఈ నెల ఆ 72 వేలు యజమాని చేతి నుంచి పడాలి. అప్పుడు మా అకౌంటెంట్ అమ్మాయి ఏం చేస్తుందంటే, ముందు బిల్లు నంబరు చూస్తుంది. మన దగ్గర "0045" అని ఉన్నది అవతల "45" అని ఎక్కి ఉండొచ్చు. తర్వాత జీఎస్టీ నంబరులో ఏదైనా అక్షరం తప్పుపడి మన బిల్లు ఇంకెవరి ఖాతాలోనో పడిందా అని చూస్తుంది. అమ్మినవాళ్లు మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పార్టీయా అని కూడా చూస్తుంది. ఏదీ కాకపోతే వాళ్ల అకౌంటెంట్‌కు ఫోన్ చేసి, గొడవ కాకుండా, వచ్చే నెల తప్పకుండా ఎక్కిస్తామని మాట తీసుకుంటుంది. అప్పటిదాకా ఆ పార్టీకి ఇవ్వాల్సిన దాంట్లో పన్ను మేరకు ఆపి ఉంచమని యజమానికి చెబుతుంది. ఇంతా చేసి 20వ తేదీ రాత్రి పోర్టల్ నత్తనడక నడుస్తుంటే, నిద్రపోబోతున్న ఓనర్‌కు "సార్, ఓటీపీ" అని వాట్సాప్ పెడుతుంది.

ఆమె బీకాం. ఆ తర్వాత ఏ పరీక్షా రాయలేదు. ఈ నేర్పు ఆ సీట్లో గడిపిన కాలం ఇచ్చింది. ఆమె రేపు ఉద్యోగం మారాలనుకుంటే మీ ప్రకటన ఆమెను గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

చట్టం కూడా ఈ డిగ్రీని మీకన్నా ఎక్కువ నమ్మింది. 2026 మార్చి దాకా వర్తించే 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 288వ సెక్షన్, 1962 నిబంధనల్లోని 51వ నిబంధన కలిపి చదివితే, కామర్స్ డిగ్రీ ఉన్నవాళ్లు పన్ను అధికారుల ముందు అసెసీ (పన్ను కట్టే వ్యక్తి) తరఫున హాజరు కావడానికి అర్హులని తేలుతుంది. ఇతరుల తరఫున జీఎస్టీ రిటర్న్‌లు వేసే జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు కావడానికి జీఎస్టీ నిబంధనల్లోని 83వ నిబంధనలో చెప్పిన అర్హతల్లో కామర్స్ డిగ్రీ ఉంది. (ఆ నిబంధనలోనూ తర్వాత ఒక పరీక్ష మాట ఉంది. మా వాళ్లను పరీక్ష ఎక్కడా వదిలిపెట్టదు.) ఒక్కటి మాత్రం ముందే స్పష్టం చేస్తున్నాను. కంపెనీల చట్టబద్ధమైన ఆడిట్, ఆదాయపు పన్ను చట్టం కింద టాక్స్ ఆడిట్ సంతకం చార్టర్డ్ అకౌంటెంట్ల పని, అది వాళ్లదిగానే ఉండాలి. మేం సంతకం అడగడం లేదు. సంతకం అక్కర్లేని పనికి సంతకం స్థాయి అర్హత ఎందుకని అడుగుతున్నాం.

పరీక్షలు వద్దనుకునేవాళ్లు బద్ధకస్తులని ఒక అభిప్రాయం ఉంది. సీఏ ఫైనల్‌లో రెండు గ్రూపులూ కలిపి రాసినవాళ్లలో పాసయ్యేవాళ్లు చాలా విడతల్లో 20 శాతం కూడా దాటరు. పదిమందిలో ఎనిమిదిమంది మళ్లీ రాయాలి, లేదా మానుకోవాలి. మళ్లీ మళ్లీ రాసి ఆగిపోయిన కుర్రాడి రెజ్యూమెలో ఆ ఏళ్లను మీరు "గ్యాప్" అంటారు. అవే ఏళ్లు ఏ మిల్లు ఆఫీసులోనో వోచర్లు రాసి ఉంటే "అనుభవం" అనేవారు. ముందే ఆలోచించి, నాకు ఈ దారి వద్దు అని 21 ఏళ్లకే తేల్చుకున్న పిల్ల తెలివైనదా కాదా మీరే చెప్పండి. ఇంట్లో ఎలాగూ "బీకాంతో ఆపేశావా?" అని పెళ్లిళ్లలో, పేరంటాల్లో అడిగేవాళ్లకు కొదవలేదు. ఉద్యోగమిచ్చేవాళ్లు కూడా అదే ప్రశ్న అడిగితే ఎలా?

పైగా పరీక్ష వద్దంటే చదువు వద్దని కాదు. ప్రతి బడ్జెట్ తర్వాత, జీఎస్టీ కౌన్సిల్ సమావేశం అయిన ప్రతిసారీ మేం చదువుతూనే ఉంటాం. చదవకపోతే 20వ తేదీన దొరికిపోతాం.

దీనివల్ల నష్టపోతున్నది బీకాం పిల్లలు ఒక్కరే అయితే ఈ లేఖ ఇంత పొడుగు అవసరం లేదు. అసలు దెబ్బ ఎవరికి తగులుతోందో చూడండి.

1. నెల జీతగాళ్లకు. అకౌంట్స్ సీట్లో మనిషి నిలవని సంస్థలో మొదట తప్పేది టీడీఎస్ రిటర్న్. ఒక పాన్ నంబరు తప్పుపడితే ఆ ఉద్యోగి జీతంలో కోసిన పన్ను అతని పేరిట జమైన పన్ను చూపే పట్టికలో (26ఏఎస్) కనిపించదు. రిఫండ్ రాకపోగా పన్ను కట్టమని నోటీసు వస్తుంది. ఆయన తన తప్పు లేకుండా హెచ్‌ఆర్ చుట్టూ, ఆడిటర్ చుట్టూ తిరుగుతాడు. పీఎఫ్ సంగతి ఇంకా ఘోరం. ఇంట్లో ఆపరేషన్ అని అడ్వాన్స్‌కు పెట్టుకుంటే, పాస్‌బుక్‌లో కొన్ని నెలల జమలే ఉండవు. "పాత అకౌంటెంట్ మానేశాడు, కొత్తవాడు చూస్తున్నాడు" అనే జవాబు మీరూ విని ఉంటారు. సంస్థకు పడే దండగ వేరే: టీడీఎస్ రిటర్న్ ఆలస్యానికి రోజుకు 200 రూపాయల ఫీజు, కట్టడం ఆలస్యమైతే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ. పాత అకౌంటెంట్ జీతం పెంచమన్నది ఎంతో, ఈ దండగలు ఎంతో ఒకసారి పక్కపక్కన వేసి చూసుకోండి.

2. చిన్న దుకాణదారులకు. పూర్తికాలం మనిషిని పెట్టుకోలేక, పదీ పదిహేను షాపులకు లెక్కలు రాసే ఒకే పార్ట్‌టైమ్ అకౌంటెంట్ మీద వీళ్లంతా ఆధారపడతారు. ఆయనకు జ్వరమొస్తే ఆ షాపులన్నింటికీ లేట్ ఫీజే. వ్యాపారం జరగని నెలకు కూడా రిటర్న్ ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు, జరిగిన నెలకు 50. నెలనెలా వేయాల్సినవాళ్లు ఆరు నెలలు వరసగా వేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం శాఖకు ఉంది. రద్దయితే కొనేవాళ్లకు క్రెడిట్ రాదు కాబట్టి పెద్ద పార్టీలు సరుకు కొనడం మానేస్తాయి. ఊరూరా పనిలేని బీకాంలు ఉన్నారు, ఊరూరా లెక్కలు రాసే మనిషి దొరకని షాపులూ ఉన్నాయి. ఈ రెంటినీ కలిపేవాళ్లే లేరు.

3. రైతులకు. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణకు 2022లో కేంద్రం ఆమోదం తెలిపింది: 63 వేల సంఘాలు, 2,516 కోట్ల రూపాయలు. మంచిదే. ఆ కంప్యూటర్ ముందు కూర్చుని పాత చేతిరాత లెడ్జర్‌లోని రైతు అప్పు ఖాతాను తప్పు లేకుండా ఎక్కించే మనిషి కూడా కావాలి కదా. ఒక సున్నా తేడా వస్తే కట్టేసిన అప్పు మళ్లీ బాకీగా లేస్తుంది. 2020లో మొదలైన 10 వేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం మార్గదర్శకాల్లో అకౌంటెంట్‌కు గరిష్ఠంగా నెలకు 10 వేల రూపాయల సాయం రాశారు. అదే సంఘం సీఈఓకు 25 వేలు. పదివేలకు వచ్చినవాడు ఏడాది తిరక్కుండానే పట్నం బస్సెక్కితే వాణ్ని తప్పుపట్టగలమా?

4. చిన్న పరిశ్రమలకు. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే సెక్షన్ అమల్లోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 45 రోజులు దాటినా డబ్బు ఇవ్వకపోతే, ఇచ్చేదాకా ఆ ఖర్చును ఆదాయంలోంచి మినహాయించుకోలేరు. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. ఏ బిల్లుకు ఎన్ని రోజులైందో వారం వారం చూసే మనిషి కొనేవాడి ఆఫీసులో ఉంటేనే అమ్మినవాడికి సమయానికి డబ్బు అందుతుంది.

ఇక మా డిమాండ్లు. ఇవి అసాధ్యమైనవి కావు. కొన్నింటికి రూపాయి ఖర్చు కూడా లేదు.

1. ప్రకటనలో పరీక్ష పేరు కాదు, పని పేరు రాయండి. "నెలకు సుమారు ఇన్ని బిల్లులు, ఇన్ని బ్యాంకు ఖాతాల రికన్సిలియేషన్, 2బీ సరిచూడటం, జీతాల షీట్" అని రాయండి. జీతం ఎంతో కూడా అక్కడే చెప్పండి. "పరిశ్రమలో ఉత్తమం" అనే మాటను ఎవరూ బ్యాంకులో వేసుకోలేరు. సీఏ ఇంటర్ నిజంగా అవసరమైన పోస్టు అయితే ఎందుకు అవసరమో ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే ఆ షరతు తీసేయండి.

2. వడపోత కావాలంటే పని చేయించి చూడండి. ఒక నెల బ్యాంకు స్టేట్‌మెంట్, అదే నెల క్యాష్ బుక్ ఇచ్చి అరగంటలో తేడాలు పట్టమనండి. పాసైన చెక్కు ఏది, ఇంకా పాసవనిది ఏది, బ్యాంకువాళ్లు కోసుకున్న చార్జీలు ఏవి అని తేల్చగలిగితే తీసుకోండి. ఇదీ పరీక్షే కదా అంటారేమో. అవును, కానీ దీనికి కోచింగ్ ఫీజు లేదు, నెలల తరబడి ఎదురుచూడక్కర్లేదు, ఫెయిలైతే ఎక్కడ తప్పామో అప్పుడే తెలుస్తుంది.

3. మెట్లు చూపించండి. ఈ లేఖలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. "అకౌంట్స్ అసిస్టెంట్" అనే కుర్చీలో పాతికేళ్లకు కూర్చున్నవాడు నలభై ఐదేళ్లకూ అదే కుర్చీలో ఉంటున్నాడు. ఎందుకంటే పైమెట్టుకు మళ్లీ పరీక్షే అడ్డం పెట్టారు. పరీక్ష లేకుండా ఎదగగలిగే దారులు మీ సంస్థల్లోనే ఉన్నాయి, వాటికి పేర్లు పెట్టి బయటికి చెప్పడం లేదంతే. చెల్లింపుల దగ్గర మొదలైనవాడు వెండర్ల లెక్కలన్నీ చూసే టీమ్ లీడర్ కావచ్చు. వసూళ్ల దగ్గర మొదలైనవాడు ఏ పార్టీకి ఎంత అరువు ఇవ్వొచ్చో చెప్పే క్రెడిట్ కంట్రోల్ మేనేజర్ కావచ్చు. ఆ విషయం వసూలు చేసినవాడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? జీతాల షీట్ చేసే అమ్మాయి పీఎఫ్, ఈఎస్‌ఐ, గ్రాట్యుటీ అన్నీ చూసే పేరోల్ హెడ్ కావచ్చు. ఫ్యాక్టరీ స్టోర్స్‌లో స్టాకు రాసినవాడు వస్తువు తయారీకి అసలు ఎంత పడుతుందో లెక్కగట్టే కాస్టింగ్ విభాగానికి వెళ్లొచ్చు. గోడౌన్‌కు వెళ్లి బస్తాలు లెక్కపెట్టడం అలవాటైనవాడు ఇంటర్నల్ ఆడిట్ టీమ్‌లోకి పనికొస్తాడు. ఎక్సెల్ మీద చేయి తిరిగినవాళ్లకు ఎంఐఎస్ రిపోర్టులు (యాజమాన్యం నిర్ణయాలకు వాడే లెక్కల నివేదికలు) ఉన్నాయి. శాప్ లాంటి సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు అకౌంట్స్ తెలిసి, వాడేవాళ్లకు నేర్పగలిగే మనిషి కోసం మీరే వెతుక్కుంటారు. హైదరాబాద్‌లో విదేశీ కంపెనీల లెక్కలు చూసే సెంటర్లలో కొనుగోలు నుంచి చెల్లింపు దాకా ఒక టీమ్, ఆర్డర్ నుంచి వసూలు దాకా ఇంకో టీమ్, పుస్తకాలు మూసి రిపోర్టు ఇచ్చేదాకా మరో టీమ్ ఉంటాయి. వాటిలో మామూలు డిగ్రీతో చేరి పైకొచ్చినవాళ్లు ఉన్నారు. అక్కడ సాధ్యమైనది మన ఊళ్లలోని మిల్లుల్లో, ఆస్పత్రుల్లో, ట్రాన్స్‌పోర్ట్ కంపెనీల్లో ఎందుకు సాధ్యం కాదు? ఏ మెట్టుకు ఎన్నేళ్ల పని, ఏ పని వచ్చి ఉండాలి, జీతం ఎంత, ఇది ఒక్క పేజీ. రాసి నోటీసు బోర్డులో పెట్టండి.

4. ఆడిట్ ఆఫీసుల పెద్దలారా, మీ పెయిడ్ అసిస్టెంట్ల (సీఏ శిక్షణ కోసం కాక జీతానికి పనిచేసేవాళ్ల) సంగతి మీకు తెలియనిది కాదు. టాక్స్ ఆడిట్‌లకు గడువైన సెప్టెంబర్ 30 దగ్గరపడితే రాత్రి పదింటికి కూడా మీ ఆఫీసులో లైట్లు వెలుగుతుంటాయి. ఆర్టికల్స్‌కు (సీఏ శిక్షణలో ఉన్న విద్యార్థులకు) పరీక్షల సెలవులు ఉంటాయి, పెయిడ్ అసిస్టెంట్‌కు అవీ ఉండవు. వాళ్లు మానేసేటప్పుడు "మా వద్ద పనిచేశారు, నడవడిక సంతృప్తికరం" అనే రెండు లైన్ల కాగితం ఇస్తున్నారు. ఎన్ని సంస్థల జీఎస్టీ చూశారో, ఎన్ని బ్యాలెన్స్ షీట్ల పని చేశారో, ఏ సాఫ్ట్‌వేర్ వచ్చో వివరంగా రాసివ్వండి. క్లయింట్ల పేర్లు అక్కర్లేదు. మీ లెటర్‌హెడ్ మీద ఆ వివరం ఉంటే అదే వాళ్లకు సర్టిఫికెట్.

5. ఒరిజినల్ డిగ్రీ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకునే అలవాటు మానండి. "ట్రైనింగ్ ప్లస్ ప్లేస్‌మెంట్" పేరుతో పిల్లల దగ్గర డబ్బు తీసుకునే కన్సల్టెన్సీల ద్వారా మనుషుల్ని తీసుకోకండి.

6. లెక్క మార్చమని నోటిమాటగా చెప్పి, తర్వాత మా మీదికి తోయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు, ఎప్పుడు, ఏ ఎంట్రీ మార్చారో నమోదయ్యే ఎడిట్ లాగ్ తప్పనిసరి. అందులో పడేది మా యూజర్ పేరు, మీది కాదు. పాత తేదీ ఎంట్రీ ఏదైనా సరే, మెయిల్‌లో రాతపూర్వకంగా చెబితేనే చేస్తామని మా వాళ్లు అంటే అది పొగరు కాదని అర్థం చేసుకోండి.

7. పెళ్లికో, కాన్పుకో మానేసి మూడు, నాలుగేళ్ల తర్వాత తిరిగొచ్చే ఆడపిల్లలను ఫ్రెషర్ జీతానికి కూర్చోబెట్టకండి. ఆ మధ్యలో ఏం మారిందో నేర్చుకోవడానికి వాళ్లకు ఒకటి రెండు నెలలు చాలు. లెడ్జర్ ఎలా చదవాలో ఎవరూ మరిచిపోరు.

8. విశ్వవిద్యాలయాల వారికి. మా వైపు లోపం కూడా ఒప్పుకోవాలి. ఫస్ట్ క్లాస్‌లో పాసై, ఉద్యోగానికొచ్చి, డెబిట్ నోట్ ఎప్పుడు వేయాలో తెలియక నిలబడిపోయేవాళ్లను చూశాను. ఆ పిల్లల్ని అంటే ఏం లాభం, మూడేళ్లూ ఇంపార్టెంట్ ప్రశ్నలు బట్టీ పట్టించి పంపారు. చివరి ఏడాదిలో ఒక కల్పిత సంస్థకు పన్నెండు నెలల పుస్తకాలు మొదటి వోచర్ నుంచి ట్రయల్ బ్యాలెన్స్ దాకా ప్రతి విద్యార్థితో రాయించండి. ల్యాబ్‌లో నలుగురికి ఒక కంప్యూటర్ ఇస్తే ముగ్గురు చూస్తూ కూర్చుంటారు, అది నేర్చుకోవడం కాదు. నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్ ఇప్పుడు కామర్స్ డిగ్రీవాళ్లకూ వర్తిస్తుంది, నిర్ణీత కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. మీ కాలేజీల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో కనుక్కోండి. యజమానులూ కనుక్కోండి, సగం స్టైపెండ్ మిగిలేది మీకే.

కొత్త ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. జీతాల పెంపు, కొత్త పోస్టుల నిర్ణయాలు మార్చిలోనే జరుగుతాయి. పై డిమాండ్లలో 1, 3, 5 నంబర్లకు కొత్తగా డబ్బు మంజూరు చేయక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కనీసం ఈ మూడింటి మీద మార్చి లోపల మీ నిర్ణయం ఏమిటో మీ ఉద్యోగులకు రాతపూర్వకంగా తెలియజేయండి. కుదరదనుకుంటే కుదరదనే రాయండి, కారణంతో.

ఇట్లు,
పరీక్షలు చాలించి పని పట్టుకున్న ఒక బీకాం పట్టభద్రుడు